సింగపూర్‌లో పది రోజులు, నేరేడ్‌మెట్‌లో ఒక గది

 

నేరేడ్‌మెట్‌లో మేము నమాజు చేసే మస్జిదు వెనుక వీధిలో ఒక దంపతుల ఇల్లు ఉంది. భర్త ఒక సైనిక కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందారు. ఒక్కగానొక్క కుమారుడు సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. గత సంవత్సరం ఒకనాడు అస్ర్ నమాజు తర్వాత ఆ సోదరుడు మమ్మల్ని ఇంటికి తీసుకువెళ్లి, చాయ్ ముందు పెట్టి ఒక మస్‌అలా అడిగారు. "మౌలానా సాబ్! అబ్బాయి టిక్కెట్లు పంపుతానంటున్నాడు. పది రోజులుండి ఊరంతా చూసి వెళ్లమంటున్నాడు. మేమింకా హజ్ చేయలేదు. కాబా గృహాన్ని చూడని కళ్లతో సింగపూర్‌ను చూడటం సబబేనా?"

ప్రశ్న బాగుంది. మా జవాబే బాగాలేదు. "ఫర్జ్ బాకీ ఉండగా విహారాలేమిటి?" అని చాయ్ కప్పు కింద పెట్టకుండానే అనేశాము. ఆయన తల వంచుకున్నారు. అంతలో పరదా వెనుక నుండి ఆయన భార్య గొంతు వినిపించింది.

"మౌలానా సాబ్, తప్పుగా అనుకోకండి. మా పెళ్లయి ముప్ఫై నాలుగేళ్లయింది. ఇన్నేళ్లలో నేను ఈయన పక్కన నడిచింది ఆసుపత్రి వరండాల్లోనే. కూడదంటే వెళ్లం. కానీ ఎందుకు కూడదో చెప్పండి."

మొదట అడగవలసిన ప్రశ్నలను అప్పుడు అడిగాము. హజ్ కోసం రెండుసార్లు దరఖాస్తు చేశారట. రెండుసార్లూ ఖుర్రాలో పేర్లు రాలేదు. ఆ సొమ్మును విడిగా దాచి ఉంచారు, దానిని తాకేది లేదు. టిక్కెట్ల ఖర్చు కుమారుడి సంపాదనలోనిది, అప్పు కాదు, వడ్డీ లేదు. భార్య వెంట భర్త ఉన్నాడు. వెళ్లేది కన్నకొడుకు ఇంటికి. ఇందులో కూడనిది ఏముంది? మేము మా మాటను వెనక్కి తీసుకున్నాము. (పెళ్లయిన నెలకే వడ్డీకి అప్పు తీసి, వాయిదాల మీద విదేశీ విహారాలకు పోయే యువకుల సంగతి వేరు. దానికి మరో నెల ఈ పుటలు చాలవు.)

దివ్య ఖుర్ఆన్ భూమిపై సంచరించి చూడమని పలుచోట్ల ఆదేశిస్తుంది. దైవప్రవక్త (సఅసం) ఒక ప్రయాణంలో అనుచరులను ముందుకు సాగమని చెప్పి, హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసుకున్నారు. ఆ రోజు ఆమె గెలిచారు. కొంతకాలానికి మరో ప్రయాణంలో మళ్లీ పందెం జరిగింది. అప్పటికి ఆమెకు కాస్త ఒళ్లు వచ్చింది, ఆయన గెలిచారు, దానికి ఇది చెల్లు అని నవ్వారు. ఈ హదీసును మేము ఎన్నో ఏళ్లుగా విద్యార్థులకు బోధిస్తున్నాము. మోకాళ్ల నొప్పులున్న ఒక గృహిణి అడిగిన రోజున అది మాకు గుర్తుకు రాలేదు.

బయలుదేరే ముందు వారికి కొన్ని మస్‌అలాలు చెప్పి పంపాము. స్వస్థలం నుండి సుమారు 78 కిలోమీటర్లు దాటే ఉద్దేశంతో బయలుదేరి, ఒకచోట పదిహేను రోజులకంటే తక్కువ ఉండే సంకల్పం ఉంటే మన హనఫీ మస్లక్ ప్రకారం వారు ముసాఫిర్లు. జుహ్ర్, అస్ర్, ఇషా నమాజుల నాలుగు రకాతుల ఫర్జ్ రెండవుతుంది. ఫజ్ర్, మగ్రిబ్ మారవు, విత్ర్ వదలకూడదు. స్థానికుడైన ఇమామ్ వెనుక నిలబడితే మాత్రం నాలుగూ పూర్తి చేయాలి. కొడుకు ఇంట్లో ఉన్నా ముసాఫిరే. ఈ చివరి మాట ఆ సోదరుడికి నచ్చలేదు. "నా కొడుకింట్లో నేను బాటసారినా?" అన్నారు.

విమానం అర్ధరాత్రి దాటాక శంషాబాద్‌లో లేచింది. తూర్పుకు వెళ్లేవారికి తెల్లవారుజాము గడియారం కంటే ముందే ఎదురువస్తుంది. సింగపూర్ సమయం మనకంటే రెండున్నర గంటలు ముందు. ఆయన నిద్ర మానుకుని కిటికీలో ఆకాశపు అంచును చూస్తూ కూర్చున్నారట. విమానంలో చోటుంటే నిలబడి, లేకపోతే కూర్చుని నమాజు చేసి, దిగాక తిరిగి చేసుకోవాలని మా పెద్దలు చెబుతారు. వారు అలాగే చేశారు.

తిరిగి వచ్చిన తర్వాత దంపతులిద్దరూ మా ఇంటికి వచ్చారు. మా ఇంటావిడ ఆ సోదరిని లోపల కూర్చోబెట్టుకుంది. తలుపు తెరిచే ఉంది గనుక వారి మాటలు మాకూ వినబడుతూ ఉన్నాయి. భర్త రైళ్ల గురించి, రోడ్ల శుభ్రత గురించి, చూయింగ్ గమ్ అమ్మకాన్ని 1992లో నిషేధించడం గురించి చెప్పుకుపోయారు. మెరీనా బే సాండ్స్ అనే మూడు గోపురాల హోటల్‌ను నీటికి ఇవతలి నుండే చూశారట. అందులో జూదశాల ఉంది. విదేశీయులకు ప్రవేశ రుసుము లేదు గానీ, సొంత పౌరుల నుండి మాత్రం ప్రభుత్వం రోజుకు 150 డాలర్లు వసూలు చేస్తుంది. తన బిడ్డలు రాకుండా గేటు వేసి, పక్కింటి వారికి తలుపు తీసిన ఇల్లాంటిది అది. మాకైతే ఆ 150 డాలర్ల నియమం సుదీర్ఘమైన ప్రసంగం కంటే ఎక్కువే చెబుతుంది.

భార్య చెప్పిన విషయాలు వేరు. కంపాంగ్ గ్లామ్ ప్రాంతంలో సుల్తాన్ మస్జిదు ఉంది. మొదటి కట్టడం 1820ల నాటిది, ఇప్పటిది 1932లో పూర్తయింది. దాని బంగారు రంగు గుంబజుల అడుగున నల్లటి పట్టీలా ఒకటి కనబడుతుంది. అది రాయి కాదు, రంగూ కాదు. వరుసగా పేర్చిన గాజు సీసాల అడుగులు. మస్జిదు కట్టేటప్పుడు ధనికులు ధనమిచ్చారు. ఇవ్వలేని పేదలు సీసాలు తెచ్చి ఇచ్చారు. ఆ సీసాలు గుంబజు కింద నిలిచాయి. ఆ సోదరి రోడ్డు అవతల నిలబడి చాలాసేపు వాటినే చూసిందట. "ఈయన ఫొటో తీయబోతే వద్దన్నాను. కళ్లతోనే చూడాలనిపించింది," అంది.

బీచ్ రోడ్డులోని హజ్జా ఫాతిమా మస్జిదుకు కూడా కుమారుడు తీసుకువెళ్లాడు. 1846లో కట్టించినది ఒక స్త్రీ. ఫాతిమా మలక్కాకు చెందినది, బుగీస్ రాకుమారుడిని వివాహమాడింది. భర్త పోయాక ఓడల వ్యాపారాన్ని తానే నడిపింది. ఆమె ఇంట్లో రెండుసార్లు దొంగలు పడ్డారు, తర్వాత ఇంటికి నిప్పు పెట్టారు. ప్రాణాలు దక్కినందుకు కృతజ్ఞతగా ఆ స్థలాన్ని మస్జిదుకు ఇచ్చి కట్టించింది. మినారు కొద్దిగా పక్కకు వంగి ఉంటుంది. చుట్టూ ఆకాశాన్నంటే నివాస భవనాలు లేచినా అది అలాగే ఉంది. ఫాతిమా సమాధి ఆ ఆవరణలోనే ఉంది.

అక్కడి ముస్లిములలో అధికులు షాఫయీ మస్లక్ వారు. మొదటి రోజు ఫజ్ర్‌లో ఇమామ్ రెండవ రకాతులో చేతులెత్తి ఖునూత్ చదవటంతో ఆ సోదరుడు తికమకపడ్డారు. (అటువంటప్పుడు హనఫీలు చేతులు వదలి మౌనంగా నిలబడితే చాలు.) ఒక మలయ్ వృద్ధురాలు భర్త చెయ్యి పట్టుకుని మెట్లెక్కి, పైకి వెళ్లాక మళ్లీ వుజూ చేసుకోవటం చూసి ఆ సోదరి ఆశ్చర్యపోయింది. భార్యాభర్తల స్పర్శతోనూ వుజూ పోతుందని వారి ఫిఖ్హ్. మన ఫిఖ్హ్‌లో పోదు. ఆ ముసలమ్మకు వుజూ కంటే చెయ్యి పట్టుకోవటమే ముఖ్యమనిపించింది కాబోలు అని మా ఇంటావిడ నవ్వింది.

ఇంట్లో తండ్రి రెండు రకాతులే చేయటం కుమారుడికి బాధగా తోచి, ఇషాకు తానే ఇమామత్ చేశాడు. వాడు స్థానికుడు గనుక వాడి వెనుక తండ్రి నాలుగూ పూర్తి చేశారు. కొడుకు వెనుక నిలబడి నమాజు చేయటం ఆయనకు అదే మొదటిసారి. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారింది.

ఇక అసలు మాట. వెళ్లబోతూ ఆ సోదరి మా ఇంటావిడతో అన్నది ఇది. "అక్కడ ఏ వీధిలో అస్ర్ వేళ అయినా మస్జిదులో నాకొక చోటు దొరికింది. ఆడవాళ్లకు తలుపుంది, వుజూకు నీళ్లున్నాయి, గోడకు నమాజు బట్టలు వేలాడదీసి ఉన్నాయి. పరాయి దేశంలో పది రోజుల్లో ఒక్క నమాజూ తప్పలేదు. ఇక్కడ నేరేడ్‌మెట్ చౌరస్తాకు బజారుకు వెళితే తప్పిపోతుంది. సొంత ఊళ్లో నేను ముసాఫిర్‌నైపోయాను, ఆపా!"

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. స్త్రీకి ఇంట్లో నమాజే మేలని మా ఉస్తాదులు చెప్పారు, మేమూ చెబుతున్నాము, ఇప్పటికీ అదే మా అభిప్రాయం. కానీ ఇల్లు దూరంలో ఉండి, పొద్దు వాలుతూ, బస్సు రాకుండా ఉన్న స్త్రీకి ఆ జవాబు ఏమి పనికొస్తుంది? అల్లాహ్ దాసీలను మస్జిదుల నుండి అడ్డగించవద్దని దైవప్రవక్త (సఅసం) చెప్పిన సంగతి తెలియని ఆలిమ్ లేడు. హజ్రత్ ఉమర్ (రజి)కు ఇష్టం లేకపోయినా ఆయన భార్య మస్జిదుకు వెళ్లేవారు. ఆ హదీసు కారణంగానే ఆయన ఆపలేదు.

జుమా తర్వాత కమిటీ ముందు మాట పెట్టాము. తేలికగా జరగలేదు. ఫిత్నా అన్నారొకరు. ఖర్చు అన్నారు మరొకరు. సింగపూర్‌లో 1975 నుండి ముస్లిం ఉద్యోగుల జీతం నుండి నెలకు అర డాలరు చొప్పున తీసి మస్జిదుల నిధి పోగుచేశారని, ఆ నిధితో 1977లో తోఅ పాయోలో ముహాజిరీన్ మస్జిదు లేచిందని చెప్పాము. మేము అడిగేది మస్జిదు కాదు, ఒక గది. వుజూఖానా పక్కనున్న గది, వీధి వైపు వేరే తలుపున్నది. అందులో చిరిగిన చాపలు, పాడైన కూలరు, ఇఫ్తారు డేగిషాలు పెట్టి ఉన్నాయి. మూడు సమావేశాల తర్వాత "చూద్దాం" అన్నది "సరే" అయింది. షాపింగ్‌కని కుమారుడిచ్చిన డబ్బులో మిగిలినదాన్ని ఆ సోదరి సున్నానికీ, పరదాకూ పంపింది. దాత పేరు గోడ మీద రాయవద్దని కబురు చేసింది.

గది తెరిచిన ఐదో రోజున యాప్రాల్ నుండి మల్కాజ్‌గిరి వెళుతున్న ఒక యువతి స్కూటరు ఆపి, తాళం చెవి కోసం ముఅజ్జిన్ సాబ్‌ను అడిగింది. లోపలికి వెళ్లి, వెంటనే తలుపు దగ్గరకు తిరిగి వచ్చి, "చాచా! ఖిబ్లా ఎటు?" అంది. సున్నం వేయించాం, పరదా కట్టించాం. గోడ మీద ఆ గుర్తు పెట్టించటం మాలో ఎవ్వరికీ తోచలేదు.