నిలబడ్డోళ్లదే తప్పా?

2025 జూన్ 4 నాడు బెంగళూరు చిన్నస్వామి స్టేడియం కాడ 11 మంది పానాలు పోయినయి. ముందురోజు రాత్రే వాళ్ల జట్టు మొదటిసారి ఐపీఎల్ కప్పు గెలిచింది. ఆటగాళ్లను ఒక్కసారి కండ్లార చూద్దామని వచ్చిన్రు. స్టేడియంల పట్టేది 35,000 మంది, వచ్చింది రెండు మూడు లక్షలని ముఖ్యమంత్రి సిద్ధరామయ్యనే చెప్పిండు. మన టీవీలన్నీ ఆ రాత్రంత ఒక్కటే మాట తిప్పి తిప్పి చెప్పినయి. తొక్కిసలాట.

ఆ మాటను జర పట్టి చూడున్రి. తొక్కిందెవరు? జనం. సచ్చిందెవరు? జనమే. గేటు తాళం ఎవరి చేతుల ఉండె, ఎన్ని గేట్లు తెరిచిన్రు, అంతమందిని రమ్మన్నదెవరు, ఇవేవీ ఆ మాటల దొరకవు. పైంగ చివర్ల 'ఆట' ఒకటి!

ఈ మాట విన్నప్పుడల్ల నాకు ఇంగ్లండుల లివర్‌పూల్ జట్టు ఆడే ఆన్‌ఫీల్డ్ మైదానం యాదికొస్తది. మా మడికొండ పేర్ల కొండ ఉన్నట్టె, ఆడ ఒక గోలు ఎనక జనం నిలబడే మెట్లకు గూడ గుట్ట పేరే ఉన్నది. స్పియన్ కాప్. ముద్దుగ 'కాప్' అంటరు. 1906ల లివర్‌పూల్ రెండోసారి లీగ్ గెలిచినంక పెద్ద దిబ్బ లేపి, దాని మీద మెట్లు కట్టిన్రు. కుర్చీలు లేవు, నిలబడి చూసుడే. ఎర్నెస్ట్ ఎడ్వర్డ్స్ అనే పత్రికాయన ఆ పేరు పెట్టిండు.

అసలు స్పియన్ కాప్ దక్షిణాఫ్రికాల, నాటాల్‌ల ఉన్నది. కాపలా చూసే గుట్ట అని అర్థం. 1900 జనవరి 23 రాత్రి బ్రిటిష్ సైన్యం చీకట్ల ఆ గుట్ట ఎక్కింది. తెల్లారి మంచు తేలినంక చూస్తె చుట్టు గుట్టల మీద బోయర్ల తుపాకులు, ఫిరంగులు. రాతి నేలల తవ్విన కందకం మోకాలు మందం గూడ దాచలే. పైన ఏం జరుగుతున్నదో కింద జనరల్‌కు తెల్వదు, కింది హుకుం పైకి అందదు. ఇరుకు జాగల కుక్కిన సిపాయిలు వందల్ల సచ్చిన్రు. వాళ్లల్ల లాంకషైర్ రెజిమెంట్ల పిల్లగాండ్లు మస్తుమంది. లివర్‌పూల్ అప్పట్ల ఆ లాంకషైర్‌లదే, అందుకే పేరు అట్ల అతుక్కున్నది.

ఇంక ఆ గుట్ట కింద దెబ్బలు తాకినోళ్లను మోసిందెవరు? ఇది మన ముచ్చట. గాంధీ అక్కడ 1,100 మందితోని భారతీయ అంబులెన్స్ దళం కట్టిండు. అందుల 300 మంది దాక సొంతంగ బతుకుతున్నోళ్లు, మిగిలిన 800 మంది గిర్మిట్ కూలీలు. 1860 నవంబర్ 16 నాడు ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరినకాడికెల్లి చెరుకు తోటలకు పోయినోళ్లల్ల ఎక్కువమంది మద్రాసు ప్రెసిడెన్సీ తమిళులు, తెలుగోళ్లు. విశాఖ దిక్కు నుంచి, ఆర్కాట్ దిక్కు నుంచి పోయిన్రు. ఇంక ఆ డోలీల కింద తెలుగు భుజాలు లేకుండ ఎట్లుంటయి? రోజుకు 20, 25 మైళ్లు మోసినమని గాంధీనే రాసిండు. యుద్ధం అయినంక పతకాలు వచ్చినయి, దళ నాయకులు 37 మందికి. గాంధీ తనదాన్ని 1920ల సర్కారుకు వాపసు ఇచ్చిండు. మోసిన కూలీలకు వాపసు ఇద్దామన్నా ఏం లేకుండె.

గుట్ట పేరు మైదానంకెక్కింది, మోసినోళ్ల పేర్లు యాడికీ ఎక్కలే.

1928ల కాప్ మీద కప్పు ఏసిన్రు. పాతిక వేలకు పైగ మనుషులు ఒక్క దిక్కే నిలబడుతుండె. ఓడరేవు హమాలీలు, ఫ్యాక్టరీ కార్మికులు పని దిగి అటే పోయేటోళ్లు. గోలు పడితె జనం అలలెక్క కిందికి జారి మళ్ల పైకి పోతుండె. నడుమ ఇరుక్కున్నోడు మూత్రానికి గూడ కదలరాకపోవు. (ముందు నిలబడ్డోడి జేబు తడిసేదని జోకులు గూడ ఉన్నయి.) సుఖమేం లేదు. కానీ చిల్లర పైసలతోని దొరికే జాగ, ఆ అరుపులకు ఎదుటి జట్టు వణికేది.

1989 ఏప్రిల్ 15. షెఫీల్డ్‌ల హిల్స్‌బరో మైదానం, ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్. అభిమానులు ఎక్కువున్న లివర్‌పూల్‌కు చిన్న దిక్కు ఇచ్చిన్రు. బయట గుంపు పెరిగింది, పోలీసులు బయటికి పోయే గేటు తెరిచి లోపలికి తోలిన్రు. అప్పటికే నిండిన నడిమి కొట్లకు పోయే దారి మాత్రం మూయలే. ముందట ఇనుప కంచె. మొత్తం 97 మంది సచ్చిన్రు, ఆఖరాయన 32 ఏండ్లకు, 2021ల పోయిండు. వాళ్లను ఎవరూ తొక్కి చంపలే. ఎక్కువమంది నిలబడ్డకాడనే నలిగి, ఊపిరి ఆడక పోయిన్రు.

గేటు జనమే బద్దలు కొట్టిన్రని డ్యూటీల ఉన్న పెద్ద పోలీసాఫీసర్ చెప్పిండు. నాలుగు రోజులకు సన్ పత్రిక, తాగుబోతు జనమే కారణమన్నట్టు, పైన 'నిజం' అని పెద్దక్షరాలతోని అచ్చేసింది. తల్లులు, తండ్రులు వదల్లే. 2012ల స్వతంత్ర ప్యానల్ పాత కాగితాలు తిరగేస్తె 164 పోలీసు వాంగ్మూలాలు దిద్దినట్టు తేలింది. గేటు మాట అబద్ధమని ఆ ఆఫీసరే 2015ల ఒప్పుకున్నడు. 2016 ఏప్రిల్ 26 నాడు జ్యూరీ చెప్పింది: చట్టవిరుద్ధంగ చంపబడ్డరు, అభిమానుల తప్పు లేదు. ఒక్క వాక్యం మార్చెతందుకు 27 ఏండ్లు. ఆఫీసర్‌ను మాత్రం 2019ల నిర్దోషి అన్నరు. ఆ ఊర్ల ఇప్పటికీ సన్ పేపరు కొననోళ్లు మస్తుమంది.

మెట్లకు ఏమైందంటారా? 1990ల టేలర్ నివేదిక వచ్చింది, పెద్ద మైదానాల్ల అందరికీ కుర్చీలు ఏయాలన్నది. 1994 ఏప్రిల్ 30 నాడు కాప్ మీద ఆఖరిసారి నిలబడ్డరు, నార్విచ్ చేతుల 1-0తోని ఓడిన్రు గూడ. తర్వాత ఆడ 12,000 చిల్లర కుర్చీలు వచ్చినయి. కుర్చీలతోని మైదానాలు భద్రమైనయి, నేను కాదనను. కానీ ధర గూడ కుర్చీల కూసున్నది. 2016 ఫిబ్రవరిల 77 పౌండ్ల టికెట్ పెడుతమంటె 77వ నిమిషంల సుమారు 10,000 మంది లేచి బయటికి నడిచిన్రు. యజమానులు వెనక్కి తగ్గిన్రు. 2022 జనవరి నుంచి కొన్ని ఇంగ్లండు మైదానాల్ల అడ్డకమ్మీలు పెట్టి నిలబడి చూసుడు మళ్ల మొదలుపెట్టిన్రు. అంటె పాపం నిలబడుట్ల లేకుండె.

2022 సెప్టెంబర్ 22 నాడు సికింద్రాబాద్ జింఖానా మైదానం కాడ ఉప్పల్ మ్యాచ్ టికెట్ల కోసం పొద్దుగాల నుంచే లైన్ల నిలబడ్డోళ్లు నలిగి దవాఖాన్ల పడ్డరు. దానికీ హెడ్డింగు తొక్కిసలాటే. ఇట్లాంటి వార్తలు రాసే దోస్తులను నేను అడుగుతున్నది ఒక్కటే. ఈసారి ఆ మాట పక్కన పెట్టి, "ఇన్ని గేట్లకు ఇన్నే తెరిచిన్రు, ఇంతమంది నలిగి సచ్చిన్రు" అని రాయున్రి. గేట్ల లెక్క తెల్వకపోతె ఫోన్ చేసి అడుగున్రి.