పిరికితనం కాదు, గాయం

దీపావళి రాత్రి డోన్‌లో మా వీధిలో బాంబు పేలిందంటే చాలు, మా పెదనాన్న గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేవారు. 1971 యుద్ధంలో పోరాడి వచ్చిన మనిషి! "టపాకాయకే జడిసే జవాను" అని పిల్లలం నవ్వేవాళ్లం. ఆ నవ్వు తలచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

ఈ పొరపాటు మాదొక్కరిదే కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుండ్ల మధ్య బతికిన సైనికులు కొందరు ఆగకుండా వణికేవారు. కొందరికి మాటే పడిపోయింది. 1915లో చార్లెస్ మైయర్స్ అనే వైద్యుడు ఈ స్థితిని 'షెల్ షాక్' పేరుతో వర్ణించాడు. అయినా పారిపోయారనీ, పిరికివాళ్లనీ బ్రిటిష్ సైన్యం తన సైనికుల్నే కాల్చి చంపింది. వారిలో ఈ బాధ పడుతున్నవారూ ఉన్నారు. అలా చనిపోయిన 306 మందికి బ్రిటన్ క్షమాభిక్ష ప్రకటించింది ఎప్పుడో తెలుసా? 2006లో!

ఇంతకీ జరిగేదేమిటి? ప్రమాదం రాగానే మెదడు గంట కొడుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. ప్రమాదం తొలగాక గంట ఆగాలి. కొందరిలో అది చిన్న చప్పుడుకే మళ్లీ మోగుతుంది. దీనికి యుద్ధమే అక్కర్లేదు. 2009 అక్టోబరులో కర్నూలును ముంచిన వరద లాంటిదైనా చాలు.

దీనికి చికిత్స ఉంది. నిపుణుల సాయంతో ఆ జ్ఞాపకాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొంటూ, అవసరమైతే మందులు వాడుతూ చాలామంది కోలుకుంటారు. 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా చెబుతారు.

కాలు విరిగినవాణ్ణి పరుగెత్తమంటామా? మరి మనసు గాయపడినవారికి "ధైర్యంగా ఉండు" అంటే సరిపోతుందా? ఈ దీపావళికి అలాంటివారి ఇంటి ముందు బాంబు కాల్చకండి. నవ్వకండి. మేం చేసిన తప్పు మీరు చేయకండి.