కాళ్లు పడిపోయేదాకా ఆగాలా?

నల్లగొండ, దేవరకొండ బస్సులు ఎల్బీ నగర్ చౌరస్తాలో ఆగినప్పుడు దిగేవాళ్లను చూడండి. అడ్డా మీద పని దొరుకుతుందేమోనని వచ్చేవాళ్లు కొందరు. పక్కవాడి భుజం మీద చెయ్యేసి, బిగుసుకుపోయిన కాళ్లు ఈడ్చుకుంటూ దిల్‌సుఖ్‌నగర్ ఆస్పత్రుల వైపు పోయేవాళ్లు కొందరు. ఈ రెండో వాళ్ల సంగతే మేము రాస్తున్నాం.

మర్రిగూడ వైపు కూలి అన్న ఒకాయన మా వద్దకొచ్చాడు. మొదట నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయేదట. తర్వాత గట్టు ఎక్కలేకపోయాడు. ఆపైన వంగితే లేవలేకపోయాడు. ఆసామి బద్ధకమన్నాడు. ఊరి ఆర్‌ఎంపీ బలం సూదులు పొడిచాడు. నగరంలో ఒక ప్రైవేటు ఆస్పత్రి ముందు స్కానింగులన్నది. మేకలు అమ్మిన డబ్బు అక్కడే అయిపోయింది. "ఏ ఊరు? ఏ నీళ్లు తాగావు?" అని మాత్రం ఒక్కరూ అడగలేదు!

ఈ ప్రశ్న కొత్తదేం కాదు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతపు ఫ్లోరోసిస్ గురించి షార్ట్ అనే డాక్టరు బృందం 1937లోనే రాసింది. నల్లగొండ జిల్లా సంగతి 1955లో బ్రిటిష్ వైద్య పత్రికలో సిద్దిఖీ ప్రకటించారు. నీళ్లలోని ఫ్లోరైడు ఏళ్ల తరబడి ఎముకల్లో పేరుకుంటుంది. వెన్నుపూసలు మందమై, వాటిని కట్టివుంచే నరాల్లాంటి పట్టీలు గట్టిపడి, లోపలి వెన్నుపామును నొక్కుతాయి. అందుకే కాళ్లు బిగుసుకుని బలం పోతుంది. ఎండలో పనిచేసేవాడు ఎక్కువ నీళ్లు తాగుతాడు, అంటే ఎక్కువ విషమూ తాగుతాడు. ఏసీ గదిలో కూర్చునే వాడికి ఈ లెక్క తెలియదు.

1996 ఎన్నికల్లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీలో నిలిచింది ఈ నీళ్ల బాధ దేశానికి వినిపించాలనే. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లాలు వచ్చాయి, మంచిదే. కాని అప్పటికే ఎముకలో చేరినది నల్లా తిప్పితే పోదు. చేను దగ్గర దాహమైతే బోరు నీళ్లే దిక్కు.

అలాగని కాళ్లు లాగిన ప్రతివాడిదీ ఫ్లోరైడే అనుకోవడం కూడా పొరపాటే. ఈ పొరపాటు మన కార్యకర్తలూ చేస్తున్నారు. వెన్నెముకకు క్షయ సోకినా కాళ్లు పడిపోతాయి, దానికి మందులున్నాయి. బి12 లోపిస్తే అరికాళ్లు తిమ్మిరెక్కి, చీకట్లో తూలిపోతారు, దానికీ మందుంది. ఆలస్యమైతే మాత్రం పోయిన బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. కొన్ని పురుగుమందులు ఒంట్లోకి పోయిన వారిలో, తేరుకున్న రెండు మూడు వారాలకు పాదాలు వాలిపోవచ్చు. కాళ్ల నుంచి మొదలై రోజుల్లోనే పైకి పాకుతూ ఊపిరి ఆడకపోతే ఆ రోజే పెద్దాస్పత్రికి చేర్చాలి. కండ కరిగి, అదురుతూ, స్పర్శ మాత్రం పోని జబ్బొకటుంది. దానికి నయం చేసే మందు లేదు. పేరు తెలిస్తే కనీసం ఊరూరా తిరిగి అప్పులపాలు కాకుండా ఉంటారు.

వీటిని వేరుచేయడానికి మొదట కావలసింది ఖరీదైన యంత్రం కాదు. ఎప్పుడు మొదలైంది, ఒక కాలా రెండూనా, స్పర్శ ఉందా, మూత్రం ఆగుతోందా అని డాక్టరు ఓపికగా అడగాలి. మోకాలి మీద చిన్న సుత్తితో తట్టి చూడాలి. ముంజేతి ఎక్స్‌రేలో రెండెముకల మధ్య పొర గట్టిపడి కనిపిస్తే ఫ్లోరైడు ఆనవాలు దొరుకుతుంది. మూత్రంలో, తాగే నీళ్లలో ఫ్లోరైడు పరీక్ష చేయాలి. స్కానింగు అవసరమైతే ఆ తర్వాతే.

వ్యవసాయ కూలీకి ఇ.ఎస్.ఐ. లేదు. ఆస్పత్రికి పోయిన రోజు కూలీ పోతుంది. జబ్బు తేలకపోతే వికలాంగ సర్టిఫికెట్ దొరకదు, సర్టిఫికెట్ లేకపోతే పెన్షన్ లేదు. 2016 చట్టం వైకల్యాల జాబితాను 21కి పెంచింది. కాని పేరు రాసే డాక్టరు లేనిచోట ఆ జాబితాతో పేదవాడికి ఏం పని? దేవరకొండ, మునుగోడు వంటి చోట్ల సర్కారు దవాఖానాకు నెలకో రోజైనా నరాల డాక్టరు రావాలి. పరీక్షలు ఉచితంగా జరగాలి. ఇది మా కోరిక కాదు, హక్కు.

సంఘం మండల కమిటీలు ఈ నెలలోనే ప్రతి ఊళ్లో కాళ్లు చచ్చుబడుతున్నవాళ్లను కలవాలి. ఎవరికి ఎప్పుడు మొదలైంది, ఎన్నేళ్లు ఏ బోరు నీళ్లు తాగారు, ఏ మందులు కొట్టారు, ఇంతదాకా ఎంత ఖర్చయింది అన్నది ఒక నోటుపుస్తకంలో రాయించండి. ఆ పుస్తకాలు పట్టుకుని మనమంతా కలెక్టరేటుకు పోదాం.