ఇంకా బోర్లా పడలేదా?

చంకలో పసిబిడ్డను వేసుకుని పెళ్లికో పేరంటానికో వెళ్లి చూడండి. మిమ్మల్ని పలకరించే వాళ్లెవరూ మీ ఒంట్లో ఎలా ఉందని అడగరు. "ఎన్నో నెల?" అంటారు. చెప్పామో లేదో రెండో ప్రశ్న. "బోర్ల పడ్డదా?" లేదన్నామా, ఓ చూపు. ఆ చూపు వెనకాలే వాళ్ల మనవడు మూడో నెలలోనే ఎలా దొర్లాడో పావుగంట పురాణం.

మొన్న మా మహబూబాబాద్‌లో ఓ పెళ్లిలో నా పక్కన కూర్చున్న చిన్నపిల్లకి ఐదు నెలల బాబు. అడిగినవాళ్లందరికీ "ఆఁ, పడ్డడండీ" అని చెబుతోంది. జనం పల్చబడ్డాక నా చెవి దగ్గరికి వచ్చి, "ఇంకా పడలేదక్కా, ఊకెనే అన్న" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఇంటికొచ్చాక మాత్రం నాకు నవ్వు రాలేదు. పన్నెండేళ్ల కిందట నేనూ ఇదే అబద్ధం ఆడాను.

మావాడు బొద్దుగా ఉండేవాడు. ఐదో నెల దాటినా వెల్లకిలా పడుకుని ఫ్యాను చూస్తూ నవ్వడమే తప్ప పక్కకు తిరిగేవాడు కాడు. మా అత్తమ్మ మంచి మనిషే. కానీ ఆవిడ నోటి నుంచి కూడా "నీ పాలల్ల బలం లేదేమో బిడ్డా" అన్న మాట వచ్చింది. పిల్లాడు త్వరగా దొర్లితే వాడి హుషారు, దొర్లకపోతే తల్లి పాల లోపం. ఈ లెక్క ఎవరు కట్టారో గానీ ప్రతి ఇంట్లోనూ ఇదే చెల్లుతుంది. ఆరు నెలలు నిండాక ఓ మధ్యాహ్నం, నేను బట్టలు మడత పెడుతుండగా, వాడంతట వాడే బోర్లా పడి, చెయ్యి ఒంటికింద ఇరుక్కుపోయి కెవ్వుమన్నాడు. ఇప్పుడు ఏడో తరగతి. కబడ్డీ ఆడి మోకాళ్లు పగలగొట్టుకుని వస్తున్నాడు.

నిజానికి మన పెద్దవాళ్లు పెట్టిన పద్ధతి చాలా నయం. బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాయసం, అడుగులేస్తే అరిసెలు. బొబ్బట్లని మా వైపు పోలెలంటాం. ఊరికో రకంగా పిండివంట మారుతుందేమో గానీ ఎక్కడా ఫలానా నెలలో అని లేదు. పడినప్పుడే పండగ. నెల లెక్కా పోటీ మనం తర్వాత కలుపుకున్నవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో, మన ఢిల్లీతో సహా, 816 మంది పిల్లల్ని గమనించి 2006లో లెక్కలు ప్రకటించింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలే అందరూ. అయినా ఏ ఆసరా లేకుండా కూర్చోవడం ఒకరికి నాలుగో నెల నిండకుండానే వస్తే, మరొకరికి తొమ్మిది నెలలు దాటింది. నూటికి నలుగురైతే చేతులూ మోకాళ్ల మీద పాకడమన్నదే లేకుండా నడిచేశారు. పాయసం ఎగ్గొట్టి అరిసెలకు వెళ్లారన్నమాట!

ఇంతవరకూ చదివి, "అయితే దిగుల్లేదన్నమాట" అని పేజీ తిప్పెయ్యకండి. నేనూ సరిగ్గా అలాగే అనుకుని ఓ తప్పు చేశాను.

మా ఆడబిడ్డకు పాప పుట్టింది. పుట్టగానే ఏడవలేదు, కాసేపటికి ఏడ్చింది. నాలుగో నెలలో తను నాతో మెల్లగా అంది, "వదినా, దీనికి మెడ నిలుస్తలేదు. లంగోటీ మార్చేటప్పుడు కాళ్లు కర్రల్లెక్క బిగబడతది. పిడికిలి ఇప్పదు, బొటనవేలు లోపలనే పెట్టుకుంటది." నేనేం చేశాను? నా కొడుకు కథంతా చెప్పి, "పోల్చుకోకు, ఏం కాదు" అని ధైర్యం చెప్పాను. అత్తమ్మ కూడా, "మీ అన్న సుత ఆలస్యమే నడిచిండు" అంది. ఎవరి మీద కోపంతోనో నేర్చుకున్న పాఠాన్ని ఇంకెవరికో అప్పజెప్పాను. తొమ్మిదో నెలలో గానీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లలేదు. సెరిబ్రల్ పాల్సీ అన్నారు. ఆయన తిట్టలేదు, తప్పుపట్టలేదు. "మీకు మొదటిసారి అనుమానం ఎప్పుడొచ్చింది?" అని మాత్రం అడిగారు. తను నావైపు చూడకుండా "నాలుగో నెల" అంది. నేను గోడకున్న క్యాలెండరు వైపు చూస్తూ నిలబడ్డాను.

ఇంకో ఐదు నెలలు ముందే వెళ్లుంటే జబ్బు పోయేదని కాదు. పసితనంలో మెదడు చాలా వేగంగా నేర్చుకుంటుంది. ఎంత ముందు వ్యాయామం మొదలుపెడితే బిడ్డకు అంత వీలు, కండరాలు అంత తక్కువ బిగుసుకుంటాయి. అందుకే నేననేది, మన ఇళ్లలో తొందర పడనక్కర్లేని చోట తొందరపెడతాం, తొందర పడాల్సిన చోట నోరు నొక్కేస్తాం. బోర్లా పడే నెల అటూ ఇటూ అవుతుంది. కానీ నాలుగు నెలలు నిండినా మెడ నిలవకపోతే, పిడికిళ్లు విప్పకపోతే, ఒళ్లు మరీ బిర్రుగానో తడిగుడ్డలా మరీ వదులుగానో ఉంటే అది ఆలస్యం ఖాతాలో వేసుకునేది కాదు. ఏడాది లోపే ఎప్పుడు చూసినా ఒక్క చెయ్యే వాడుతుంటే "పెద్దయ్యాక రాతగాడవుతాడు" అని మురవకండి, రెండో చేతికేమైందో చూపించండి. నిన్న చేసిన పని ఇవాళ మానేసినా అంతే.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల విషయంలో ఇంకో మాట. వాళ్ల నెలల్ని పుట్టిన రోజు నుంచి కాదు, పుట్టాల్సిన రోజు నుంచి లెక్కపెట్టాలి. రెండు నెలలు ముందొచ్చిన బిడ్డ ఆరో నెలలో నాలుగు నెలల పిల్లల పనులు చేస్తే చాలు. ఈ చిన్న లెక్క తెలియక ఏడ్చిన తల్లులు నాకు ముగ్గురు తెలుసు.

మరి మనం చేయగలిగిందేమిటంటే, నేల మీద వదలడం. పూర్వం కాళ్లు చాపుకుని కూర్చుని, బిడ్డను కాళ్ల మీద బోర్లా వేసుకుని వీపు రుద్ది నీళ్లు పోసేవాళ్లు. ఆ కాసేపూ బిడ్డ తల ఎత్తడానికి తంటాలు పడేది. అదే మెడకు కసరత్తు. (ముక్కులో నూనె పోయడం మాత్రం ఆపెయ్యండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.) ఇప్పుడు స్నానం టబ్బులో, మిగతా పొద్దంతా ఎత్తుకున్నవాళ్ల చేతుల్లో. పడుకోబెట్టేది వెల్లకిలానే, అది మారకూడదు. మేలుకుని ఉన్నప్పుడు, మనం పక్కన కూర్చుని, రోజుకు నాలుగైదుసార్లు కాసేపు చాప మీద బోర్లా వెయ్యాలి. ఏడిస్తే ఎత్తుకోండి, మళ్లీ వెయ్యండి.

కేసముద్రం వైపు మిర్చి ఏరే రోజుల్లో గట్టున వేపచెట్టుకు చీర ఉయ్యాల కట్టి తల్లి చేనులోకి దిగుతుంది. పొద్దస్తమానం బిడ్డ ఆ చీర మడతల్లోనే. కూలి మానుకుని బిడ్డను ఆడించమని ఆ తల్లికి చెప్పే ధైర్యం నాకు లేదు. సద్ది తినే ఆ అరగంట, శుభ్రమైన బట్ట పరిచి పక్కన బోర్లా వేసుకుంటే మాత్రం ఖర్చేమీ లేదు. పట్నంలో వాళ్లకేమో నేల ఉండీ లేదు. అన్నప్రాశనకు మేనమామ చక్రాల వాకర్ తెస్తాడు. కెనడా దేశం 2004లోనే వాటి అమ్మకం నిషేధించింది. అందులో కూర్చోబెడితే నడక త్వరగా రాదు సరికదా, మెట్ల మీద నుంచి దొర్లే ప్రమాదం ఒకటి.

అనుమానం వస్తే పరుగెత్తి హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. తల్లీ బిడ్డల కార్డు టీకాల కోసమే అనుకుని బీరువాలో పెడతాం. అందులో ఏ వయసుకు ఏం చేయాలో బొమ్మలు వేసి ఉంటాయి, చదువు రాకపోయినా అర్థమవుతాయి. అంగన్‌వాడీ టీచరుకో ఆశా కార్యకర్తకో చూపించి అడగొచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల్ని పరీక్షించడానికి అంగన్‌వాడీలకు వైద్య బృందాలు వస్తాయి. అవి చూసే వాటిలో ఎదుగుదలలో ఆలస్యం కూడా ఒకటి. వాళ్లొచ్చిన రోజు మన బిడ్డ బాగానే ఉంది కదా అని ఇంట్లో ఉంచెయ్యకండి. తల్లికి అనిపిస్తోందంటే ఒకసారి చూపించి రావడం వల్ల పోయేది ఒక పూట. అత్తగారు వద్దన్నా, వదిన ధైర్యం చెప్పినా సరే.

మా మేనకోడలు పద్నాలుగో నెలలో బోర్లా పడింది. రోజూ రెండు పూటలా వ్యాయామం చేయించీ చేయించీ వాళ్లమ్మ చేతులు కాయలు కాశాయి. ఫోను రాగానే అత్తమ్మ ఏమీ మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్లి శనగపప్పు నానబోసింది. ఎవర్నీ పిలవలేదు. సాయంత్రం ఆవిడ వత్తుతుంటే నేను పెనం దగ్గర నిలబడి పోలెలు కాల్చాను. మొదటిది మాడిపోయింది.