నాలుగు కొబ్బరికాయల ఓటరు

2007 జూన్‌లో జమ్మలమడుగు ప్రాంతంలో పుట్టిన పిల్లలకు 2025లో ఓటు హక్కు వచ్చింది. కడప ఉక్కు కూడా వాళ్ల ఈడుదే. ఆ నెల 10నే వై.ఎస్. రాజశేఖరరెడ్డి బ్రహ్మణీ స్టీల్స్‌కు శంకుస్థాపన చేశారు. దాని యజమాని గాలి జనార్దనరెడ్డిపై వచ్చిన కేసులతో అది అటకెక్కింది. కడప జిల్లాలో ఉక్కు కర్మాగారం సంగతి ఆరు నెలల్లో కేంద్ర సంస్థ సెయిల్ తేల్చాలని 2014 రాష్ట్ర విభజన చట్టంలో రాసుకున్నారు. 2018 డిసెంబరులో కంబాలదిన్నెలో చంద్రబాబు కొబ్బరికాయ కొట్టారు. మరుసటి డిసెంబరులో సున్నపురాళ్లపల్లెలో జగన్ కొట్టారు. 2023 ఫిబ్రవరిలో అదే ఊళ్లో, జేఎస్‌డబ్ల్యూ అధినేత సజ్జన్ జిందాల్‌ను పక్కన నిలబెట్టుకుని ఆయనే మళ్లీ కొట్టారు. ఉక్కు ముక్క బయటికి రాలేదు.

ఇదంతా చూస్తూ పెరిగిన యువతకు రాజకీయాలు పట్టవని, సెల్‌ఫోన్లలో మునిగిపోయిందని వేదికలెక్కి వాపోయే నాయకులను చూస్తే నాకు చిరాకు. పెట్రోలు పోయించి బైకు ర్యాలీకి పిలిచేటప్పుడు ఈ కుర్రాళ్లే కావాలి. టికెట్లు పంచే రోజున మాత్రం యువత అంటే కొడుకో, అల్లుడో. 2020లో గండికోట జలాశయం నీళ్లు తాళ్లప్రొద్దుటూరును ముంచుకొస్తుంటే ఊరు ఊరంతా పరిహారం కోసం రోడ్డెక్కింది. అప్పుడు అడిగిన గొంతుల్లో కుర్రవాళ్లవి లేవా? అడిగితే ఎవరో రెచ్చగొట్టారంటారు. అడగకపోతే చైతన్యం లేదంటారు.

పోనీ, ఉద్యోగాల మాట చూద్దాం. 2018లో చంద్రబాబు ప్రభుత్వంలో యువనేస్తం పేరిట నిరుద్యోగులకు నెలకు వెయ్యి రూపాయలిచ్చారు. 2021లో జగన్ ప్రభుత్వం ఊరించి ఊరించి విడుదల చేసిన జాబ్ క్యాలెండర్‌లో గ్రూప్-1, గ్రూప్-2 పోస్టులు కలిపి 36. ఏళ్ల తరబడి కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగినవాళ్లకు అది ఎంత మంట పుట్టించిందో వేరే చెప్పాలా! 2024 ఎన్నికల్లో చంద్రబాబు కూటమి నాయకులు 20 లక్షల ఉద్యోగాలన్నారు, అవి వచ్చేదాకా నెలకు 3,000 భృతి అన్నారు. 16,347 టీచర్ పోస్టుల మెగా డీఎస్సీ మాత్రం జరిపించారు, అందుకు మెచ్చుకోవాల్సిందే. మిగతా లెక్క చెప్పాలి.

ఇప్పుడు గండికోటకు హోటళ్లు, పర్యాటకులు అంటున్నారు. రానివ్వండి. ఈసారి మీ ఊరి సభలో ఏ పార్టీ నాయకుడైనా యువత బాధ్యతల గురించి ఉపన్యాసం మొదలుపెడితే, మీ పిల్లల చేత మూడే ప్రశ్నలు అడిగించండి: ఎన్ని ఉద్యోగాలు, ఏ తేదీకి, అందులో స్థానికులకెన్ని?