గోడకు మేకు కొడితే నెల కూలి కోతా?

పట్నంలో ఇల్లు ఖాళీ చేసే రోజు వచ్చిందంటే మనవాళ్ళ గుండెల్లో రాయి పడుతుంది. సామాను మోసే బెంగ కాదది. చేరేటప్పుడు కట్టిన అడ్వాన్సులో ఎంత చేతికొస్తుందోనన్న బెంగ. ఆ రోజు ఇంటి ఓనరు గోడ గోడా తడిమి చూస్తాడు. క్యాలెండరు తగిలించిన మేకు గుర్తుకు ఇంత, వంటింట్లో పొగచూరినందుకు ఇంత, గడప దగ్గర గచ్చు అరిగినందుకు ఇంత. అన్నీ కలిపి "పెయింటింగుకు ఒక నెల కిరాయి పట్టుకుంటున్నా" అంటాడు. బిల్లు చూపడు. చాలాచోట్ల ఆ గోడకు రంగే పడదు. అదే గోడ చూపించి రేపు వచ్చేవాడి దగ్గరా కోస్తారు.

భూమి, కూలి, దాడులు ఇన్ని ఉండగా ఈ అడ్వాన్సు గొడవేందని కొందరు అనవచ్చు. అడ్డా మీద నిలబడే కూలన్న, అపార్ట్‌మెంట్లలో పాచిపని చేసే అక్క, కోచింగు కోసం వచ్చి నలుగురు కలిసి ఒక గది తీసుకున్న మన పిల్లలు ఆ డబ్బు ఎట్లా తెచ్చారు? పుస్తె తాకట్టు పెట్టి, డ్వాక్రా సంఘంలో అప్పు తీసి, ఊళ్ళో మేకను అమ్మి తెచ్చారు. పాత ఇంటివాడు ఇస్తేనే కొత్త ఇంటివాడికి కట్టగలరు. ఇయ్యకపోతే మళ్ళీ వడ్డీవాడి గుమ్మం ఎక్కాల్సిందే.

ఊరి మనుషులకు ఈ కోత కొత్త కాదు. కాడి విరిగితే జీతగాడి జీతంలో కోత, ఎద్దు కుంటితే కోత, జ్వరమొచ్చి పడుకుంటే కోత. లెక్క దొర రాసిందే, తీర్పు దొర చెప్పిందే. పట్నంలో దొర పేరు మారింది, లెక్క రాసే చెయ్యి మారలేదు. మన డబ్బు వాడి దగ్గర ఉంటుంది, నష్టం ఎంతో వాడే చెప్తాడు, వాడే పట్టుకుంటాడు. ఫిర్యాది వాడే, జడ్జీ వాడే.

మరి చట్టం ఏమంటోంది? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షనులోనే ఉంది. కిరాయిదారు ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలోనే అప్పగించాలి, కానీ వాడకంలో సహజంగా వచ్చే అరుగుదలకు బాధ్యుడు కాడు. అంటే ఏమిటి? కిరాయికి తోలుకుపోయిన ఎద్దు కాలు విరగ్గొడితే బదులు ఇయ్యాలి. ఎద్దుకు వయసు మీదపడిందని ఎవడైనా దండుగ కడతాడా? ఇల్లూ అంతే. తలుపు విరగ్గొడితే, బేసిన్ పగలగొడితే కట్టాల్సిందే, మేము కాదనం. రంగు వెలిసినందుకు, గచ్చు అరిగినందుకు నెలనెలా కిరాయి కట్టనే కట్టాం గదా!

కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం ఇంకా విడమరచి చెప్పింది. నివాసపు ఇంటికి అడ్వాన్సు రెండు నెలల కిరాయి మించకూడదు. గోడలకు సున్నం, తలుపులకు కిటికీలకు రంగు ఓనరు ఖర్చు. కుళాయి, స్విచ్చి మరమ్మతులు కిరాయిదారు ఖర్చు. అయితే అది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే ఆ రాష్ట్రంలో అమలు. ఇంకో మెలిక ఉంది. ఒప్పందంలో వేరే మాట రాసుకుంటే 1882 చట్టం ఆ మాటకే చోటిస్తుంది. అందుకే 11 నెలల అగ్రిమెంటులో "పెయింటింగు ఖర్చు కిరాయిదారుదే" అని ఒక ముక్క ఇరికిస్తారు. చదవకుండా సంతకం పెట్టొద్దు. చదువురాకపోతే చదివించుకోండి.

ఈ కోత అన్ని కులాల కిరాయిదారులకూ పడుతోంది, నిజమే. కానీ మన మీద పడేటప్పుడు దానికి ఇంకో ముఖం ఉంటుంది. "మీ కూర వాసన పోవాలంటే ఇల్లంతా సున్నం వెయ్యాలి" అన్న మాట వినని దళిత కిరాయిదారు ఎంతమంది? ఇది అరుగుదల ఖర్చా, అంటు ఖర్చా? మనం ఉండిపోయిన ఇంటికి శుద్ధి చేసుకుని ఆ శుద్ధి ఖర్చు మన చేతే కట్టించుకోవడం కాదా?

విదేశాల్లో చదివొచ్చిన అంబేద్కర్‌కే 1917లో బరోడాలో ఇల్లు దొరకలేదు. పార్సీ పేరు చెప్పుకుని సత్రంలో ఉంటే కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. సుమారు నూరేళ్ళ తర్వాత, 2015లో, సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ పరిసరాల్లో చేసిన అధ్యయనాన్ని అచ్చువేసింది. పేరు చూసి దళితులకు, ముస్లింలకు ఇళ్ళు ఇయ్యకపోవడం అందులో బయటపడింది. అందుకే మనవాడు కులం దాచుకుని ఇంట్లో చేరతాడు. దాచుకున్నవాడు గట్టిగా అడగలేడు. అడిగితే కులం బయటికొస్తుంది, ఆ వీధిలో ఇంకో ఇల్లు దొరకదు. ఓనరు ధైర్యమంతా ఆ భయం మీదనే నిలబడి ఉంది.

ఒక్కడు అడిగితే తగువు, నలుగురు కలిసి అడిగితే లెక్క. ఇంట్లో చేరిన రోజే ప్రతి గోడా, కుళాయీ ఫోన్లో ఫొటో తియ్యండి. అడ్వాన్సుకు రసీదు రాయించుకోండి, లేదా బ్యాంకు ద్వారా పంపండి. ఖాళీ చేసే రోజు మళ్ళీ ఫొటోలు తీసి, సంఘం మనుషులు ఇద్దరిని వెంటబెట్టుకుని తాళం అప్పగించండి. కోత అంటే బిల్లు అడగండి. ఇయ్యకపోతే రాతపూర్వకంగా నోటీసు పంపండి. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, ఏ కులం మహిళలకైనా ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసాయం హక్కు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెడితే లోక్ అదాలత్‌కు పిలిపిస్తారు, కోర్టు ఫీజు ఉండదు. నలుగురి ముందు కులం పేరుతో దూషిస్తే 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉండనే ఉంది.

మనలోనూ ఇవాళ పట్నంలో రెండు గదులు వేసి కిరాయికిచ్చేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకూ ఇదే మాట. దొర లెక్క మన చేత్తో రాయొద్దు.

వాడల్లోని కార్యకర్తలారా! పట్నం పోయే ప్రతి బిడ్డ చేతిలో అక్కడి మన సంఘం చిరునామా పెట్టి పంపండి. పట్నం సంఘాలు ఏ ఇంట్లో ఎంత కోశారో ఒక పుస్తకంలో రాసి పెట్టండి. ఆ పుస్తకం నిండేకొద్దీ ఓనరు కత్తెర మొద్దుబారుతుంది. మన అడ్వాన్సు వాడిచ్చే దానం కాదు. మన చెమట. పైసా పైసా లెక్క చెప్పించి తీసుకుందాం.