బట్టీ వేరు, యాది వేరు

కామారెడ్డి బస్టాండులో కొడుకును బస్సెక్కిస్తూ తల్లి చెప్పే ఆఖరి మాట: "పైలం బిడ్డా, మందులేసుకునుడు యాది మరువకు." ఎల్లారెడ్డి అంగట్లో పాత బాకీ అడిగేదీ ఆ మాటతోనే: "యాదికున్నదా అన్నా?" ఈ సీమలో జ్ఞాపకం పుస్తకాల్లో ఉంటుంది, యాది నోళ్లలో ఉంటుంది.

పారశీకంలోని "యాద్" ఉర్దూ మీదుగా మనకొచ్చింది. నిజాం పాలన చివరి దశాబ్దాల్లో కచేరీల భాష ఉర్దూ. 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పాఠాలూ ఉర్దూలోనే. ఉర్దూలో "యాద్ కర్నా" అంటే తలచుకోవడమే కాదు, కంఠతా పట్టడం కూడా. మరిచిపోకుండా రాసుకున్న కాగితం "యాదాస్తు" ఈ ఇంటిదే. మద్నూరు, జుక్కల్ వైపు వినిపించే మరాఠీలో "యాదీ" అంటే జాబితా. ఉర్దూ, ఫారసీ, మరాఠీ, సంస్కృతం చదివిన ఆదిలాబాద్ పండితుడు సామల సదాశివ తన జ్ఞాపకాల పుస్తకానికి "యాది" అనే పేరు పెట్టారు.

నోటికి నేర్చుకునే పనికి మిగతా మాటలూ గౌరవమే ఇచ్చాయి. కంఠస్థం అంటే గొంతులో నిలిచింది. ధారణ అంటే పట్టి ఉంచడం. అవధాని తాను పూరించిన పద్యాలన్నీ చివర్లో తడుముకోకుండా అప్పజెప్పేది దానితోనే. ఖురాన్ మొత్తం నోటికి వచ్చినవారిని హాఫిజ్ అంటారు. ఆ అరబ్బీ మాటకు మూలార్థం కాపాడేవాడని.

మరి బట్టీ? అర్థం తెలియకుండా పరీక్ష కోసం మింగి, పరీక్ష కాగానే వదిలేసేది. దాన్ని తిట్టాల్సిందే. ఆ కోపంలో ఎక్కాలనూ పద్యాలనూ బడి నుంచి వెళ్లగొట్టడం మాత్రం తప్పు. పదమూడో ఎక్కం వచ్చిన పిల్లకు, పదమూడు రూపాయల చొప్పున ఏడు కొంటే తొంభై ఒకటని చటుక్కున తోస్తుంది. ఇక ఆమె దృష్టంతా బేరం మీదే. అర్థం తెలిసి నేర్చిన పద్యం సంగతీ అంతే. కష్టంలో ఉన్నప్పుడు పుస్తకం వెతుక్కోనక్కర లేకుండా నోటికొస్తుంది. ఫోనులో దాచింది ఫోనుదే, నోటికి వచ్చింది మనది.

కామారెడ్డిలో, ఎల్లారెడ్డిలో పాఠం చెప్పే పంతుళ్లకూ, ఇళ్లల్లోని తల్లిదండ్రులకూ నా విన్నపం ఒక్కటే. వారానికో పద్యం తీసుకోండి. ముందు అర్థం చెప్పండి, తర్వాత నోటికి చదివించండి. బట్టీ మాన్పించండి, యాదిని మాత్రం పోనివ్వకండి.